చచ్చిందని రాసిన మందు

మరదలు చేసిన మందు పనిచేసిందని తెలిసిన గురువారం జల్లెడమ్మ అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టింది, అందరికంటే ఆఖర్న ఆపింది. అరచేతులు ఎర్రబడ్డాయి. కడుపులో అంతకంటే ఎర్రగా మండుతోంది కానీ, కడుపు ఎవరికీ కనపడదు కాబట్టి పరువు దక్కింది.

జల్లెడమ్మ ఆవిడ అసలు పేరేమీ కాదు. ఎయిడ్స్ తెచ్చిపెట్టే హెచ్‌ఐవి వైరస్‌కు కొత్త మందులు వెతికే ఆ ల్యాబులో ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా పెద్ద కెమిస్టు. ఎవరు ఏ పదార్థం చేసి తెచ్చినా నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు శుద్ధంగా లేకపోతే వెనక్కి తిప్పికొట్టేది. "ఇంకో పాలు చెత్త మిగిలింది, మళ్ళీ వడకట్టు" అన్నది ఆవిడ ఊతపదం. చాటుగా తనకు పెట్టిన పేరు ఒకరోజు చెవిన పడితే కోప్పడలేదు సరికదా, లోలోపల మురిసిపోయింది.

ఆవిడ చేతుల మీదుగా ఆరువందల పైచిలుకు పదార్థాలు పుట్టాయి. ఒక్కటీ మందు కాలేదు. ఈ వృత్తిలో అదేం సిగ్గుపడాల్సిన సంగతి కాదు. వేలల్లో ఒకటి నిలిచినా అదృష్టమే అంటారు. కొత్తగా చేరినవాళ్ళకు ఆ మాట చెప్పి ఓదార్చేదీ ఆవిడే. కానీ ఆ ఒక్కటి నిన్న గాక మొన్న వచ్చిన మనిషి చేతిలో, అదీ సొంత తమ్ముడి పెళ్ళాం చేతిలో, చేరిన పద్నాలుగు నెలలకే నిలబడితే ఏమని ఓదార్చుకోవాలి?

పైగా ఉద్యోగం ఇప్పించిందీ తనే. తమ్ముడు వచ్చి, "అక్కా, అది చదివిన కెమిస్ట్రీ తుప్పు పడుతోందని పొద్దస్తమానం నా బుర్ర తింటోంది. నీ దగ్గరేదైనా చూడవే" అన్నాడు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ సగం మొగుడి హోదాలో ఆవిడ పెద్దాయనతో మాట్లాడింది. పెద్దాయనంటే ల్యాబు మొత్తానికి అధిపతి. "నేర్చుకుంటుంది లెండి, నేనున్నా కదా" అని పూచీ కూడా పడింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని అప్పట్లో తెలియలేదు.

వాళ్ళు వెతుకుతున్న మందు సంగతి కాస్త చెప్పుకోవాలి. ఈ వైరస్ తన జన్యువును ఒక గుల్లలో దాచుకుని మన కణంలోకి దూరుతుంది. చిన్న చిన్న పలకలు అతికించినట్టుండే గుల్ల అది. సరైన చోట, సరైన వేళకు విప్పుకోవాలి. ముందే విప్పుకున్నా, అసలు విప్పుకోకపోయినా దాని ఆట కట్టు. ఆ పలకల సందులో చీలలా ఇరుక్కునే పదార్థం ఒకటి కావాలి. ఉన్న మాత్రలతో చాలామంది నిండు నూరేళ్ళూ బతికేస్తున్నారు. గొడవంతా ఆ మాత్రలన్నిటికీ వైరస్ మొండికెత్తినవాళ్ళది. వాళ్ళకోసమే ఈ తిప్పలు.

ఆ సందులో ఇమిడే పదార్థాలకు జిడ్డు ఎక్కువ. నీళ్ళంటే గిట్టదు. అందుకని ఒక ద్రావకంలో కరిగించి, వెలుతురు తగలకుండా గోధుమరంగు గొట్టాల్లో పోసి, సోమవారం ఫ్రిజ్‌లో పెట్టాలి. చలికి ఆ ద్రావకం గడ్డకడుతుంది. గురువారం పరీక్షల గదివాళ్ళు బయటికి తీసి, గడ్డ కరిగాక పైనుంచి ఒక చుక్క లాగి, వైరస్ ఎక్కించిన కణాల మీద వేస్తారు. అది అక్కడి రూలు. బయట పెడితే పదార్థాలు పాడవుతాయని పదమూడేళ్ళ క్రితం అందరితో పోట్లాడి ఆ రూలు పెట్టించింది జల్లెడమ్మే. ఫ్రిజ్ తలుపు మీద కాగితం, కాగితం కింద ఆవిడ సంతకం, ఆవిడ మెడలో ఫ్రిజ్ తాళంచెవి.

మరదలికి సోమవారాలూ గురువారాలూ పట్టవు. పొడి ఆరీ ఆరకముందే కరిగించి, గొట్టాన్ని పిడికిట్లో పట్టుకుని మెట్లెక్కి పరీక్షల గదికి పరుగెత్తేది. "ఫ్రిజ్ ఎందుకుందమ్మా, మనం నీళ్ళు తాగడానికా?" అని జల్లెడమ్మ పదిమందిలో గడ్డిపెట్టినా, "సారీ వదినా, మర్చిపోయా" అని నవ్వేసి మర్నాడు మళ్ళీ అదే పని. పరీక్షల గది డాక్టరమ్మ కూడా ఆ పిల్లని చూసి కరిగిపోయేది. ఆవిడ వారంలో మూడురోజులు ఇక్కడ వైరస్‌తో, రెండురోజులు ఆస్పత్రిలో ఆ వైరస్ ఉన్న మనుషులతో గడిపే మనిషి. రూళ్ళకంటే ఆవిడకు తొందరే ఎక్కువ.

అలా పిడికిట్లో వెళ్ళిన గొట్టమే ఇప్పుడు గెలిచింది. మొండి వైరస్ రకాలు ఆరింటిమీద వేస్తే ఆరింటినీ ఆపింది. పెద్దాయన ఆ పదార్థం అణువు బొమ్మని గోడమీద తెరపై వేయించాడు.

"నెలాఖరు శుక్రవారం పేటెంటు కాగితాలు వెళ్తాయి," అన్నాడు. "కనిపెట్టినవాళ్ళలో మొదటి పేరు ఈ అమ్మాయిదే. ఈలోగా అందరూ పాత నోటుబుక్కులు ఒకసారి తిరగేయండి. ఇదివరకు మన ల్యాబులో ఎవరూ ఇది చేయలేదని తలా ఒక సంతకం పెట్టాలి."

జల్లెడమ్మ చప్పట్లు కొడుతూనే తెర వంక చూసింది. మూడు ఉంగరాలు, మధ్యలో వంపు తిరిగిన చిన్న గొలుసు, ఒక చివర ఫ్లోరిన్. ఎక్కడో చూసిన మొహంలా ఉంది. సంతలో ఎదురుపడి పేరు గుర్తురాని మనిషిలా ఆ బొమ్మ ఆవిడ్ని మిగతా రోజంతా వేధించింది.

ఆదివారం తమ్ముడింట్లో భోజనం. తలుపు తీస్తూనే వాడు, "అక్కా! విన్నావా, దంచేసిందట కదా మీ మరదలు!" అన్నాడు, అక్కడికి ఆవిడేదో పొరుగూరి చుట్టం అయినట్టు. వడ్డిస్తున్నంతసేపూ అదే గోల. "పద్నాలుగు నెలలే! నీకెన్నేళ్ళయిందక్కా అక్కడ?" అన్నాడు. వాడి మాటలో విషం లేదు. వాడికి అంత తెలివీ లేదు. అయినా పుండు మీద కారం చల్లినవాడికి తెలివి ఉందా లేదా అని పుండు అడగదు.

"వదిన నేర్పిందే కదండీ అంతా," అంది మరదలు, తల వంచుకుని గిన్నె సర్దుతూ.

ఆ వినయం చూసేసరికి జల్లెడమ్మకు ముద్ద దిగలేదు. పొగరుగా ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

సోమవారం మధ్యాహ్నం పాత నోటుబుక్కుల గదికి వెళ్ళింది. నిజం తేలాలని వెళ్ళిందా? ఏమీ కాదు. అది తనదై ఉండాలని వెళ్ళింది. ఆవిడవే నలభైఒక్క పుస్తకాలున్నాయి. సోమవారం పది, మంగళవారం పద్నాలుగు, దుమ్ముకి తుమ్ములు. బుధవారం నాడు, మొదట తొందరలో దాటేసిన పదిహేడో పుస్తకం మళ్ళీ తీస్తే దొరికింది. మూడు ఉంగరాలు, వంపు గొలుసు, చివర ఫ్లోరిన్. పన్నెండేళ్ళ కిందటి మార్చి. తన చేతిరాత. పక్కన సాక్షి సంతకం.

జల్లెడమ్మ స్టూలు మీద కూలబడి, ఆ గదిలో ఒక్కతే, పకపకా నవ్వింది. పెద్దాయన మొహం, తమ్ముడి మొహం, అన్నిటికంటే ముఖ్యంగా ఆ వినయం మొహం ఎలా ఉంటాయో ఊహించుకుని మళ్ళీ నవ్వింది. ఇన్నేళ్ళలో ఆవిడకు అంత హాయిగా ఎప్పుడూ లేదు. ఆ తర్వాత పేజీ అడుగుదాకా చదివింది.

ఎర్ర సిరాతో ఉంది: "శుద్ధి తొంభైతొమ్మిది పైన. పరీక్షలో ఏ పనీ చేయలేదు. చచ్చింది. ఆపేశాను."

ఒకే పదార్థం ఇద్దరు చేస్తే ఒకరిది చచ్చి ఒకరిది బతకడం ఉండదు. ఉప్పు ఎవరి వంటింట్లో ఉన్నా ఉప్పే. అంటే ఒక చేతిలో తప్పు జరిగింది, అది తన చెయ్యి కాదని ఆవిడకు గట్టి నమ్మకం. మరదలి సీసాలోంచి చిటికెడు తీసి శుద్ధి కొలిచే యంత్రంలో పెట్టి చూసింది. అందులో ఏదో చెత్త ఉండి ఉంటుంది, ఆ చెత్తే పనిచేసి ఉంటుంది, ఇలాంటి మోసాలు ఈ వృత్తిలో కొత్త కాదు. గంట తర్వాత అంకె వచ్చింది. తొంభైతొమ్మిది పాయింట్ ఆరు. తన పాత దానికంటే ఒక పిసరు ఎక్కువే. ఆ అంకెను చూసి ఆవిడ పళ్ళు కొరికిన చప్పుడు పక్క బల్లకు వినపడింది.

పొడులు దాచే గదిలో తన పాత సీసా ఇంకా ఉంది. తీసి చూస్తే అదీ చెక్కుచెదరలేదు. చేతులు రెండూ మంచివే, పొడులు రెండూ ఒకటే. మరి తేడా ఎక్కడ? చేసిన దగ్గర్నుంచి పరీక్షల గది దాకా దారంతా మనసులో నడిచి చూసింది. నడుస్తూ నడుస్తూ ఫ్రిజ్ దగ్గర ఆగిపోయింది.

తన పొడిని కరిగించి, ఈసారి గోధుమరంగు గొట్టంలో కాకుండా తెల్లగాజు గొట్టంలో పోసి, తన రూలు ప్రకారం ఫ్రిజ్‌లో పెట్టింది. మూడురోజుల తర్వాత తీసి, గడ్డ కరిగేదాకా ఆగి వెలుతురుకెత్తి చూసింది. పైన అద్దంలా తేటగా ఉంది. అడుగున సున్నం అంటినట్టు సన్నటి తెల్లపొర. ఊపింది, కదల్లేదు. వేన్నీళ్ళ తొట్టిలో పెట్టి పావుగంట తిప్పితే అప్పుడు కరిగింది.

చలికి పదార్థమంతా అడుగున పేరుకుపోతే, పైనుంచి లాగిన చుక్కలో ఏముంటుంది? ఉత్త ద్రావకం. గోధుమరంగు గాజులో అది ఎవరికీ కనపడదు. పన్నెండేళ్ళ క్రితం పరీక్షల గదివాళ్ళు పరీక్షించింది మందుని కాదు.

అప్పటికీ మనసు ఒప్పుకోలేదు. పైతేటని ఒక గొట్టంలో, వేడిచేసి కలిపినదాన్ని ఇంకో గొట్టంలో పోసి, క అనీ ఖ అనీ రాసి, ఏమిటో చెప్పకుండా డాక్టరమ్మకు ఇచ్చింది. వారం తిరిగేసరికి డాక్టరమ్మ ఆవిడ బల్ల దగ్గరికొచ్చింది.

"క లో ఏం పోసి పంపారండీ, దేనికీ పనికిరాలేదు. ఖ మాత్రం అచ్చం మీ మరదలి మందులాగే పనిచేసింది. అదేనా?"

"తర్వాత చెప్తాను," అంది జల్లెడమ్మ.

ల్యాబులో పుట్టిన పదార్థం మందుల షాపుకు చేరాలంటే పది పన్నెండేళ్ళు పడుతుంది, అదీ దారిలో ఎక్కడా పడిపోకుండా ఉంటే. అప్పుడే బయల్దేరి ఉంటే ఇది ఈపాటికి షాపులో ఉండేదేమో. దానికి అడ్డం పడింది ఎవరో కాదు, శుద్ధికి మారుపేరైన తనే, తన సంతకంతో. అంతటితో పోలేదు. పాత జాబితాలు తీసి, ఇలాంటి జిడ్డు పదార్థాల్లో ఫ్రిజ్ దారిన వెళ్ళి చచ్చినవి ఎన్నో లెక్కపెట్టింది. నూట నలభైమూడు. అందులో ఎన్ని నిజంగా చచ్చాయో, ఎన్ని అడుగున పడుకున్నాయో ఎవరికీ తెలియదు.

పేటెంటు శుక్రవారం రేపనగా, అందరూ టీకి వెళ్ళిన వేళ మరదలి బల్లమీద ఆ పుస్తకం తెరిచి పెట్టింది. మరదలు చదివింది. మళ్ళీ చదివింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అయితే ఇది మీదన్నమాట."

"ముందు చేసింది నేను."

"చచ్చిందని రాసింది కూడా మీరే కదా?"

"నేనే," అంది జల్లెడమ్మ. ఫ్రిజ్ సంగతి, తెల్లపొర సంగతి, నూట నలభైమూడు సంగతి చెప్పింది. మరదలు అంతా విని, "ఈ పేజీ కోసం ఎన్నాళ్ళు వెతికారు వదినా?" అంది.

"మూడురోజులు."

"నా సీసాలో చెత్త ఉందేమోనని కూడా చూసే ఉంటారు."

"చూశాను."

"దొరికిందా?"

"లేదు."

"దొరకదు. మీరు చూస్తారని తెలిసే నాలుగుసార్లు వడకట్టాను." మరదలు నవ్వింది, కానీ ఆదివారం నాటి వినయం అందులో లేదు. "పెళ్ళయిన దగ్గర్నుంచి మీ తమ్ముడి నోట 'మా అక్క' తప్ప ఇంకో మాట విన్లేదు వదినా. మా అక్క చదువు, మా అక్క తెలివి. నేను గ్లాసు కడిగినా మా అక్క ఇంకా బాగా కడిగేదే! ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టేదాన్ని కాదో తెలుసా? మర్చిపోయి కాదు. తాళంచెవి మీ మెడలో ఉంది. నేనేం చేశానో మీరు ముందే చూసేస్తారు. ఒక్కటంటే ఒక్కసారి, మీకంటే ముందు నాకు తెలియాలనుకున్నాను."

ఇన్నాళ్ళూ కళ్ళలో నిప్పులు పోసుకున్నది తనొక్కతే అనుకుంది జల్లెడమ్మ. ఎదుటి మనిషి పెళ్ళినాటి నుంచీ అదే పనిలో ఉందని తెలిసి, ఏమిటో, కాస్త ఊరటగా కూడా అనిపించింది.

మరదలు గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "చించేయండి."

"ఏమిటి?"

"ఆ పేజీ. మీరు చూడలేదు, నేను చూడలేదు. మీ తప్పు ఎవరికీ తెలియదు, నా మందు నాకుంటుంది. మీకూ మంచిదే, నాకూ మంచిదే."

చించడానికి ఒక్క క్షణం చాలు. నిజానికి జల్లెడమ్మ వేళ్ళు పేజీ మూల పట్టుకున్నాయి కూడా. పద్దెనిమిదేళ్ళ పరువు ఆ మూలలో ఉంది. ఫ్రిజ్ మీద కాగితం రేపు నెమ్మదిగా తీసేయొచ్చు, ఎవరూ అడగరు. కానీ కాగితం ఎందుకు తీసిందో చెప్పకపోతే, ఆ నూట నలభైమూడింటినీ మళ్ళీ పరీక్షించమని ఏ మొహం పెట్టుకుని అడగాలి? అవి చచ్చినవిగానే ఉండిపోతాయి. ఇంకోటి కూడా ఉంది, దాచడమెందుకు: చించితే ఆ మందుమీద మరదలి పేరు ఒక్కటే ఉంటుంది, కలకాలం. అది తలుచుకుంటే ఒళ్ళు మండింది. ఆవిడ వేళ్ళని వెనక్కి లాగింది మనస్సాక్షో, ఓర్వలేనితనమో ఆవిడకే తెలియదు. దేన్నయినా వడకట్టగల మనిషి, ఈ రెంటినీ మాత్రం విడదీయలేకపోయింది.

"రేపు చెప్తున్నాను," అంది. పుస్తకం మూసి తీసుకెళ్ళిపోయింది.

శుక్రవారం మీటింగులో పెద్దాయన సంతకాల కాగితం చుట్టూ తిప్పుతుంటే జల్లెడమ్మ లేచి నిలబడింది. పేజీ చదివింది, ఎర్ర సిరా వాక్యాలతో సహా. రూలు తనదని చెప్పింది. గొట్టం అడుగున ఏం చూసిందో చెప్పింది. నూట నలభైమూడు అన్నప్పుడు పెద్దాయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

డాక్టరమ్మ ఒక్కతే అడిగింది. "ఏ నెలలో అన్నారు?"

"మార్చి. పన్నెండేళ్ళయింది."

"నేను ఆస్పత్రిలో చేరిన కొత్త." డాక్టరమ్మ కోపంగా లేదు. ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు మెల్లగా మాట్లాడింది. "ఏ మాత్రా పనిచేయనివాళ్ళు అప్పుడు నా దగ్గర పదకొండుమంది ఉండేవారు. ఇప్పుడు నలుగురున్నారు. మీవల్లే పోయారని అనట్లేదండీ. ఈ మందు వాళ్ళ వేళకి అందేదో లేదో ఎవరికి తెలుసు? అయినా ఆ నెల ఏదో నాకు తెలియాలి కదా." బ్యాగు భుజాన వేసుకుంది, ఆ రోజు ఆవిడ ఆస్పత్రి రోజు. "మొదటి పది గొట్టాలు సోమవారానికి పంపండి. వేడిచేసి పంపండి," అని వెళ్ళిపోయింది.

పెద్దాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, కాగితం దగ్గరికి లాక్కుని, మరదలి పేరు పైనున్న ఖాళీలో జల్లెడమ్మ పేరు రాశాడు. "ముందు చేసింది మీరు. న్యాయం న్యాయమే," అన్నాడు.

పద్దెనిమిదేళ్ళుగా చూడాలనుకున్న పేరు, చూడాలనుకున్న చోటే ఉంది. ఆవిడకు పదకొండు, నాలుగు అన్న అంకెలు తప్ప ఏమీ కనపడలేదు. కొట్టేయండి అందామా అనుకుంది. కానీ అంటే త్యాగమూర్తినని చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లు తను భరించలేదు. సంతకం పెట్టింది. మరదలు ఆ కింద, కాగితం చిరిగేంత నొక్కి పెట్టింది.

గది ఖాళీ అయ్యాక మరదలు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "ఇప్పుడు ఇంట్లో మళ్ళీ 'మా అక్క' పాటే," అంది. కుర్చీ బల్ల కిందికి నెట్టి, "నూట నలభైమూడు ఒక్కరివల్ల కాదు. సగం నాకివ్వండి," అంది.

జల్లెడమ్మ దగ్గర రెండు జాబితాలున్నాయి. మిగతా కెమిస్టులు చేసినవి అరవైనాలుగు, తను చేసినవి డెబ్భైతొమ్మిది. రెండోది తీసి మరదలికి ఇచ్చింది.

మరదలు పైనుంచి కిందికి చదివి తలెత్తింది. "ఇవన్నీ మీవే కదా?"

"నావే. నావి నేను చూస్తే ప్రతిదీ బతికినట్టే కనపడుతుంది. నీకు నావి బతకడం ఇష్టం ఉండదు. నీ చేతిలో కూడా బతికిందంటే, అది నిజంగా బతికినట్టు."

మరదలు కాదనలేదు. జాబితా మడిచి కోటు జేబులో పెట్టుకుని, వేన్నీళ్ళ తొట్టి ఆన్ చేయడానికి వెళ్ళింది.